దుకాణం నెట్‌కి ఏ కాపలా? డీఎన్‌ఎస్ ఫిల్టర్లు, రిమోట్ యాక్సెస్ టూల్స్‌లో ఏది ఎవరికి సరిపోతుంది

బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం ఉంది. షావుకారు గారిది తెలుగు ఇల్లు, కౌంటర్లో కుర్రాళ్లు ఒడియా వాళ్లు, బేరాలు రెండు భాషల్లోనూ సాగుతాయి. ఇచ్ఛాపురంలో బ్రాంచి ఉంది. మధ్యలో పాతిక కిలోమీటర్ల దూరం, ఒక రాష్ట్ర సరిహద్దు. అందుకే జీఎస్టీ నంబర్లు రెండు. ఇక్కడిది 21తో మొదలవుతుంది, అక్కడిది 37తో. లెక్కలు మాత్రం ఒకే ట్యాలీలో, బరంపురం గోడౌన్ పక్కగదిలోని కంప్యూటర్లో ఉంటాయి. ఇచ్ఛాపురం కుర్రాడు రోజూ రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్ని తెరిచి బిల్లులు ఎక్కిస్తాడు.

నేను బరంపురం, పర్లాకిమిడి, రాయగడ మధ్య తిరుగుతూ నెట్‌వర్క్ పనులు చూసుకుంటాను. ఒకరోజు షావుకారు గారు ఫోన్ చేశారు. "తమ్ముడూ, డీఎన్‌ఎస్ సెక్యూరిటీ అంటూ ఒకాయన కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. ఏడాదికింత అంటున్నాడు. పెట్టించమంటావా?"

"ఒకసారి రౌటర్ చూసి చెప్తాను బాబాయ్" అన్నాను.

చూస్తే 3389 పోర్టు, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికొచ్చే తలుపు, బార్లా తెరిచి ఉంది. ట్యాలీ పనిచేయడం కోసం ఎవరో ఎప్పుడో అలా వదిలేశారు. ఆ కంప్యూటర్లో విండోస్ సెక్యూరిటీ లాగ్ (ఎవరెప్పుడు లోపలికి రాబోయారో రాసే చిట్టా) తీసి 4625 నంబరు ఎంట్రీలు వెతికాను. తప్పు పాస్‌వర్డ్‌తో లోపలికి రావాలని చూసిన ప్రతిసారీ పడే నంబరది. పేజీలకు పేజీలు అవే. ఊరూ పేరూ లేని అడ్రసుల నుంచి రాత్రీపగలూ ఎవరో తలుపు తడుతూనే ఉన్నారు.

కొటేషన్లో రాసిన సరుకు చెడ్డదేం కాదు. కాకపోతే వీధి గుమ్మం తెరిచి పెట్టి కిటికీకి దోమతెర బేరమాడుతున్నట్టుంది వ్యవహారం.

రెండు వేరువేరు పనులు

అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కలిపి ఒకే పేరుతో చెప్తారు కాబట్టి కొనేవాళ్లకి గజిబిజి. డీఎన్‌ఎస్ అంటే వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ చెప్పే ఏర్పాటు. దాని మీద పెట్టే ఫిల్టర్ చూసేది మన కంప్యూటర్లు బయట ఎక్కడికి వెళ్తున్నాయో. సెక్యూర్ యాక్సెస్, అంటే రిమోట్ యాక్సెస్ టూల్, చూసేది బయటి నుంచి మన దగ్గరికి ఎవరు వస్తున్నారో. మొదటిదాన్ని ఎంత బాగా పెట్టినా రెండోదాని పని అది చేయదు. 3389 మీద తలుపు తట్టేవాడు మన డీఎన్‌ఎస్‌ని అసలు అడగనే అడగడు, నేరుగా మన ఐపీ అడ్రసుకే (నెట్‌లో మన లైన్ నంబరుకే) వస్తాడు.

2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే చమురు కంపెనీ కొన్నిరోజులు పంపింగ్ ఆపేసుకోవాల్సి వచ్చింది. దొంగలు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే ప్రైవేటు దారి) ఖాతాలోంచి. దానికి రెండో అంచె ఓటీపీ లేదు, పాస్‌వర్డ్ ముందే బయటపడిపోయింది. అంత పెద్ద కంపెనీ గతే అదైతే, మన ట్యాలీ గది సంగతి చెప్పేదేముంది?

కాబట్టి ఎవరడిగినా నేను ముందు లోపలికొచ్చే దారి సంగతే చూస్తాను. అయితే అడిగేవాళ్లు ఎక్కువగా ఫిల్టర్ గురించే అడుగుతారు. ముందు అదే చెప్పేస్తాను.

ఫిల్టర్ ఏం పట్టుకుంటుంది, ఏం పట్టుకోదు

బ్రౌజర్లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టగానే, ఆ పేరుకి అడ్రసేమిటని కంప్యూటర్ ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ఫిల్టర్ ఉన్న సర్వరైతే ముందు తన చిట్టా చూసుకుంటుంది. దొంగ బ్యాంకు పేజీ అనో, వైరస్ కబుర్లు పంపుకునే స్థావరమనో తేలితే అడ్రస్ ఇవ్వదు. అంతే దాని పని. ఖర్చు తక్కువ, నెట్ స్పీడు తగ్గదు, పాత కంప్యూటర్లకీ పనికొస్తుంది.

పట్టుకోలేనివీ చాలానే ఉన్నాయి. ట్రాఫిక్ చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్ వాట్సాప్ సర్వర్ నుంచే దిగుతుంది కాబట్టి ఫిల్టర్ కంటికి అది వాట్సాపే. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన దొంగ ఫైలూ అంతే. ఆ ఏపీకేని ఇన్‌స్టాల్ చేశాక అది తన యజమానితో మాట్లాడబోయినప్పుడు మాత్రం ఫిల్టర్‌కి ఒక అవకాశం దొరుకుతుంది. అది మాట్లాడబోయే సైట్ల పేర్లు చాలావరకు నాలుగు రోజుల కిందట రిజిస్టర్ చేసినవే. అందుకే కొత్తగా పుట్టిన డొమైన్లను (వెబ్‌సైట్ పేర్లను) ఆపే సౌకర్యం ఉందా లేదా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. దానివల్ల అప్పుడప్పుడు ఇబ్బందీ ఉంటుంది. ఒక సరఫరాదారు కొత్త ఆర్డర్ సైట్ పెట్టుకుంటే అది రెండు వారాలు మా వాళ్లకి తెరుచుకోలేదు. మినహాయింపుల చిట్టాలో చేర్చాల్సి వచ్చింది.

డీఎన్‌ఎస్‌సెక్ అనే మాట కూడా కొటేషన్లలో దొర్లుతుంటుంది. వచ్చిన జవాబు దారిలో ఎవరూ మార్చలేదని సంతకంతో రుజువు చేసే ఏర్పాటది. దొంగ సైట్ తన డొమైన్‌కి నిజాయితీగా సంతకం చేసుకోవచ్చు, అప్పుడు అదీ పాసే. దీన్ని చూపించి ఫిల్టర్ అని చెప్పి అమ్మితే నమ్మకండి.

ఉచితం నుంచి ఖరీదైనవాటి దాకా

అన్నిటికన్నా సులువైనది క్వాడ్9. రౌటర్లో 9.9.9.9 అని పెడితే చాలు. 2017లో మొదలైంది, ఇప్పుడు స్విట్జర్లాండ్ నుంచి నడిచే లాభాపేక్ష లేని సంస్థ. చెడ్డ డొమైన్లను ఆపుతుంది. అంతకు మించి ఏమీ చేయదు: యూట్యూబ్ ఆపడం, ఎవరేం చూశారో రిపోర్టు ఇవ్వడం ఉండవు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.2 కూడా ఇలాంటిదే. 1.1.1.3 అయితే అశ్లీల సైట్లనూ ఆపుతుంది. నాలుగు కంప్యూటర్ల కిరాణా దుకాణానికి, ట్యూషన్ సెంటర్‌కి ఇంతకన్నా కొనమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. మొదటి గడిలో 9.9.9.9 పెట్టి, రెండో గడిలో అలవాటుగా గూగుల్ 8.8.8.8 పెడతారు. మొదటిది కాస్త ఆలస్యంగా జవాబిస్తే కంప్యూటర్ రెండోదాన్ని అడుగుతుంది, అక్కడ ఫిల్టరే లేదు. రెండో గడిలోనూ ఫిల్టర్ ఉన్నదే పెట్టండి. నేనైతే ఒకటి క్వాడ్9, ఇంకొకటి 1.1.1.2 పెడతాను. కారణముంది. 2025 జూలైలో క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 సర్వీసు గంటకు పైగా ప్రపంచమంతటా ఆగిపోయింది. మనకది తెల్లవారుజామున మూడున్నర ప్రాంతం కాబట్టి ఎవరికీ తెలియలేదు. అదే పగలైతే నెట్ పోయిందంటూ నాకు వంద ఫోన్లు వచ్చేవి.

రిపోర్టులు, కేటగిరీలు కావాలంటే తర్వాతి మెట్టు నెక్స్ట్‌డీఎన్‌ఎస్, కంట్రోల్ డీ లాంటివి. నెక్స్ట్‌డీఎన్‌ఎస్‌లో నెలకి 3 లక్షల ప్రశ్నల దాకా ఉచితం. వినడానికి పెద్ద సంఖ్యే గాని, పది కంప్యూటర్లూ పది ఫోన్లూ ఉన్న ఆఫీసులో నెల తిరగకముందే అయిపోతుంది. అయిపోతే నెట్ ఆగదు, ఫిల్టరింగ్ ఆగుతుంది. ఆగిన సంగతి ఎవరూ గమనించరు, గొడవంతా అక్కడే.

రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద పై-హోల్ అనే సొంత ఫిల్టర్ పెట్టుకునేవాళ్లు కూడా కొందరున్నారు. నాకూ ముచ్చటే, మా ఇంట్లో అదే. దుకాణానికి మాత్రం పెట్టను. కరెంటు పోయి వచ్చినప్పుడు మెమరీ కార్డు పాడైతే మొత్తం దుకాణానికి నెట్ ఉండదు, నేనేమో ఆ రోజు రాయగడలో ఉంటాను.

క్లౌడ్‌ఫ్లేర్ జీరో ట్రస్ట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 50 మంది దాకా ఉచితం, దాటితే మనిషికి నెలకి 7 డాలర్లు. ఫిల్టర్, లోపలికొచ్చే దారి రెండూ ఒకే చోట దొరుకుతాయి. చిన్న వ్యాపారానికి ఇంత సరుకు ఇంకెక్కడా ఉచితంగా దొరకదు. సెట్టింగుల తెర మాత్రం చూడగానే టెన్షన్ పుట్టిస్తుంది. ఎవరైనా తెలిసినవాళ్లు కూర్చుని ఒక పూట పెట్టివ్వాలి. ఉచిత ప్లాన్లో లాగ్‌లు 24 గంటలే ఉంటాయి, డబ్బు కట్టే ప్లాన్లో 30 రోజులు. ఈ విషయం కింద మళ్లీ అవసరమవుతుంది.

సిస్కో అంబ్రెల్లా ఈ రంగంలో పెద్దన్న. 2006లో ఓపెన్‌డీఎన్‌ఎస్‌గా మొదలైన దాన్ని 2015లో సిస్కో కొనుక్కుంది. చిట్టాలు గట్టివి, రిపోర్టులు పైవాళ్లకి చూపించడానికి బాగుంటాయి. ధర పార్ట్‌నర్ ద్వారా మాట్లాడుకోవాలి. ఇప్పటికే సిస్కో సామాను, దాన్ని చూసుకునే ఐటీ మనిషీ ఉన్న మిల్లుకో, ఇంజినీరింగ్ కాలేజీకో సరిపోతుంది. జీస్కేలర్, నెట్‌స్కోప్, ప్రిస్మా యాక్సెస్ లాంటివి అంతకన్నా పై అంతస్తు. పది ఊళ్లలో ఆఫీసులు, వందల లాప్‌టాప్‌లు లేనివాళ్లు వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

మన నెట్ లైన్ ఎలాంటిదో ముందు చూసుకోండి

కంపెనీల పోలిక పట్టికల్లో కనిపించనిది, మన ప్రాంతంలో మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫిల్టర్ సర్వీసుకి మీ దుకాణం ఏదో ఎలా తెలుస్తుంది? మామూలుగా మీ పబ్లిక్ ఐపీ అడ్రస్ చూసి గుర్తుపడుతుంది. ఐపీ మారకుండా ఉంటే చిక్కే లేదు. కానీ మన దగ్గర చాలా ఫైబర్ లైన్లు, మొబైల్ డేటా అన్నీ సీజీనాట్ వెనకాలే ఉంటాయి. అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో కస్టమర్లు పంచుకుంటారు. మీ ఐపీ అని మీరు రిజిస్టర్ చేసింది పక్కవీధి వాళ్లది కూడా అవుతుంది, రేపటికి మారిపోతుంది కూడా.

తెలుసుకోవడం సులువు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే మీరు సీజీనాట్ వెనకే ఉన్నారు. గూగుల్‌లో నా ఐపీ ఏమిటని వెతికితే వచ్చే నంబరు, రౌటర్ చూపించేది వేరైనా అదే అర్థం.

పైగా మనది తుపాన్ల సీమ. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ శ్రీకాకుళం వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. గాలి గట్టిగా వీచిన రోజున ఫైబర్ తెగుతుంది, రౌటర్ 4జీ డాంగిల్‌కి మారుతుంది, ఐపీ మారిపోతుంది. ఐపీని నమ్ముకున్న ఫిల్టర్ ఆ క్షణమే మిమ్మల్ని గుర్తుపట్టడం మానేస్తుంది. బిల్లులు మాత్రం నడుస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, రౌటరే డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో (ప్రశ్నని మామూలు సురక్షిత వెబ్ ట్రాఫిక్‌లా పంపే పద్ధతిలో) అడిగేలా చేయడం. సర్వీసు వాళ్లు మీకంటూ ఒక ప్రత్యేకమైన చిరునామా ఇస్తారు, ఐపీ ఏదైనా ఆ చిరునామాతో మిమ్మల్ని గుర్తుపడతారు. మైక్రోటిక్ రౌటర్లలో 2020 నుంచి, అంటే 6.47 వెర్షన్ నుంచి ఇది ఉంది. కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఉచిత రౌటర్లో సాధారణంగా ఉండదు. రెండోది, ప్రతి కంప్యూటర్లో ఏజెంట్, అంటే ఆ సర్వీసు వాళ్ల చిన్న ప్రోగ్రామ్, వేయడం. సరుకు కొనడానికి సూరత్ వెళ్లే యజమాని లాప్‌టాప్‌కి ఎలాగూ అది కావాలి.

అందుకే కొటేషన్ తెచ్చినాయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. "మా లైన్ సీజీనాట్, డాంగిల్‌కి మారినప్పుడు కూడా ఫిల్టర్ నిలుస్తుందా?" అని అడగండి. దానికి నీళ్లు నమిలితే అక్కడే ఆపేయండి.

తప్పించుకునే దారులు, వచ్చే ఫోన్లు

ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే సెట్టింగ్ ఉంది. కుర్రాడు అక్కడ వేరే పేరు రాస్తే మీ ఫిల్టర్‌ని దాటేసినట్టే. అది మామూలుగా 853 పోర్టు మీద వెళ్తుంది కాబట్టి రౌటర్లో ఆ పోర్టు మూసేయొచ్చు. బ్రౌజర్లలో ఉండే సెక్యూర్ డీఎన్‌ఎస్ 443 మీద మామూలు ట్రాఫిక్‌లో కలిసి వెళ్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. ఆఫీసు కంప్యూటర్లలో బ్రౌజర్ పాలసీ పెట్టి దాన్ని ఆపాలి. సిబ్బంది ఫోన్లకి నేను వేరే వైఫై ఇచ్చేసి ఊరుకుంటాను. వాళ్ల ఫోన్లు వాళ్ల ఇష్టం, ట్యాలీ ఉన్న నెట్‌వర్క్‌కి తగలకపోతే చాలు.

ఇంకో తలనొప్పి బ్లాక్ పేజీ. డెమోలో ఆపిన సైట్ దగ్గర కంపెనీ లోగోతో అందమైన పేజీ వస్తుంది. అసలు వాడుకలో సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్సే కాబట్టి, ఆ సర్వీసు రూట్ సర్టిఫికెట్‌ని (దాన్ని నమ్మమని కంప్యూటర్‌కి చెప్పే ఫైల్‌ని) ప్రతి కంప్యూటర్లో వేయకపోతే ఆ పేజీ బదులు ఎర్రటి హెచ్చరిక వస్తుంది. చూసినవాళ్లు వైరస్ వచ్చిందని హడలిపోయి ఫోన్ చేస్తారు. సర్టిఫికెట్ వేశాక ఆ పేజీలో ఒడియాలోనూ తెలుగులోనూ రెండు వాక్యాలు రాయించాను, అప్పుడు గానీ ఫోన్లు తగ్గలేదు.

ఇక లోపలికొచ్చే దారి

పోర్టు తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ నడపడాన్ని నేను ఎంపికల్లో లెక్కే వేయను. 3389ని ఇంకో నంబరుకి మార్చినా లాభం లేదు, వెతికేవాళ్లు అన్ని నంబర్లూ వెతుకుతారు.

ఎనీడెస్క్ లాంటివి అందరికీ అలవాటే. అప్పుడప్పుడు రిపేరుకి మంచివే. ఎవరూ ఎదుట లేకుండా కనెక్ట్ అయ్యే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఆడిటర్‌కి, ట్యాలీ మనిషికి, మానేసి వెళ్లిపోయిన అకౌంటెంట్‌కి కూడా ఇచ్చేసి ఉంటారు. ఎవరి దగ్గరుందో లెక్క లేని తాళంచెవి అది.

ఫైర్‌వాల్ (నెట్ గుమ్మంలో కాపలా కాసే) పెట్టెలో వచ్చే ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ పదేళ్ల కిందట మంచి సలహా. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి ఉంటేనే ఇప్పుడూ మంచిది. 2021లో దాదాపు 87 వేల ఫోర్టీగేట్ అనే ఫైర్‌వాల్ పెట్టెల వీపీఎన్ పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అందుకు కారణమైన లోపానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) 2019లోనే వచ్చింది, వేసుకోనివాళ్లు నష్టపోయారు. మన చిన్న ఊళ్లలో ఫైర్‌వాల్ పెట్టినాయన మళ్లీ కనిపించేది లైసెన్స్ రెన్యువల్‌కే.

రౌటర్లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు. తేలికైనది, వేగమైనది, పైసా ఖర్చు లేదు. కాకపోతే ఒక వైపైనా పబ్లిక్ ఐపీ ఉండాలి. సీజీనాట్ లైనైతే స్టాటిక్ (మారని) ఐపీకి అదనంగా కట్టాలి.

ఈ బాధ లేనివి టెయిల్‌స్కేల్, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్. రెండూ మన వైపు నుంచే బయటికి కనెక్ట్ అవుతాయి. రౌటర్లో ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు, సీజీనాట్ అడ్డు రాదు, డాంగిల్‌కి మారినా నడుస్తాయి. గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాబట్టి ఓటీపీ అక్కడే వస్తుంది, మనిషి మానేస్తే ఆ ఒక్క ఖాతా తీసేస్తే చాలు. టెయిల్‌స్కేల్ లోపల వాడేది వైర్‌గార్డే. పెట్టడానికి పావుగంట పడుతుంది. ఎవరు ఏ కంప్యూటర్‌ని చూడొచ్చో రాసే నియమాలు మాత్రం మొదటిరోజే రాయండి. లేకపోతే అందరికీ అన్నీ కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. ఒకే లాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ ఒకటీ, ఇంకో కంపెనీ డీఎన్‌ఎస్ ఏజెంట్ ఒకటీ వేస్తే రెండూ డీఎన్‌ఎస్ నాదంటే నాదని కొట్టుకుంటాయి. ఉదయం పనిచేసింది మధ్యాహ్నానికి ఆగుతుంది. ఒక పూటంతా తల పట్టుకుని కూర్చున్నాక నేర్చుకున్నానిది. టెయిల్‌స్కేల్ తీసుకుంటే ఫిల్టర్‌గా నెక్స్ట్‌డీఎన్‌ఎస్‌ని దానిలోపలే జోడించుకోండి, ఆ సౌకర్యం దాంట్లోనే ఉంది. లేదా రెండు పనులకీ క్లౌడ్‌ఫ్లేరే తీసుకోండి. అలా అన్నీ ఒకే బుట్టలో పెడితే, 2025 నవంబర్ 18లాంటి రోజున ఇబ్బందే. ఆ సాయంత్రం మన టైములో దాదాపు ఐదు నుంచి ఎనిమిది దాకా క్లౌడ్‌ఫ్లేర్ తడబడింది, లాగిన్లు కూడా దెబ్బతిన్నాయి. దుకాణాలకది గిరాకీ వేళ. అందుకే బ్రాంచిలో బిల్లింగ్ మాత్రం లైన్ లేకపోయినా నడిచేలా ఉంచుకోమంటాను.

లాగ్‌ల సంగతి

సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో ఫిర్యాదు పంపాలి, లాగ్‌లు 180 రోజులు దేశంలోనే దాచాలి. పర్లాకిమిడిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లకి ఎంపిక ఇక్కడే తేలిపోయింది. రోగుల రిపోర్టులు ఉండే చోటు కాబట్టి 24 గంటల లాగ్ వాళ్లకి కుదరదు. డబ్బు కట్టి, లాగ్‌లను బయటికి తీసుకుని సొంత డిస్క్‌లో దాచుకోగల సర్వీసే తీసుకున్నారు. అడిగేటప్పుడు ఎన్ని రోజులు ఉంచుతారనే కాదు, ఆ లాగ్‌ని ఏ ప్లాన్ నుంచి బయటికి తీసుకోనిస్తారో కూడా అడగండి. కొన్నిట్లో ఆ సౌకర్యం పై ప్లాన్‌కే దాచి ఉంచుతారు.

పట్టుచీరల దుకాణానికి చివరికి ఏం పెట్టామంటే: ఆ సాయంత్రమే 3389 మూసేశాం, టెయిల్‌స్కేల్ వేశాం, దాంట్లో నెక్స్ట్‌డీఎన్‌ఎస్ డబ్బు కట్టే ప్లాన్ జోడించాం. సిబ్బంది ఫోన్ల వైఫై విడిగా, 1.1.1.3 మీద. కొటేషన్‌లో రాసిన దాంట్లో చిన్న వంతు ఖర్చయింది. క్లౌడ్‌ఫ్లేర్ ఎందుకు కాదంటే, నేను ఊళ్లో లేని రోజున షావుకారు గారబ్బాయి తానే సరిచేసుకోగలగాలి. టెయిల్‌స్కేల్ తెర అతనికి అర్థమైంది, రెండోది కాలేదు.

పెట్టిన మర్నాడు ఫైబర్ తీగ పీకేసి డాంగిల్ మీద నడిపి చూశాం. ఆపాల్సిన పరీక్ష సైటు ఆగింది, ఇచ్ఛాపురం నుంచి ట్యాలీ తెరుచుకుంది. మీరు ఏది కొన్నా, డబ్బు కట్టకముందే ఆ తీగ ఒకసారి మీ చేత్తోనే పీకి చూడండి. షావుకారు గారైతే అదంతా చూసి, "మరి గుమాస్తా పాస్‌వర్డ్ క్యాలెండర్ వెనకాల రాసుంది, దాన్నేం చేద్దాం తమ్ముడూ?" అన్నారు.